బామి కనిపించని పూట

మా యోంగ్దో దీవిలో, ఓడలు బాగుచేసే యార్డుల వెనక సందులో నాకు బోల్టులు, నట్లు, ఇనుప గొలుసులు అమ్మే కొట్టు ఉంది. మా నాన్న పెట్టిన కొట్టు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ పొద్దున్నే మా సందులో వినిపించేది సుత్తుల చప్పుడే. సముద్రం మీద తిరిగి తిరిగి తుప్పుపట్టి వచ్చిన ఓడల్ని గట్టుకు లాగి, కొత్త రంగు వేసే ముందు ఆ తుప్పంతా కొట్టి రాల్చాలి. ఆ పని ఆడవాళ్ళది. రెండు తాళ్ళకు కట్టిన చెక్కపలక మీద కూర్చుని, ఓడ పొట్టకు వేలాడుతూ పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా కొడుతూనే ఉండేవారు. వాళ్ళలో తక్ ఇమ్సున్ ఒకరు. నేను ఆవిడను పిన్నీ అంటాను. ఆవిడ నన్ను పేరుతో ఎప్పుడూ పిలవలేదు. "ఒరే బోల్టూ" అంటుంది.

ఇమ్సున్ పిన్ని ఇరవై రెండో ఏట సుత్తి పట్టింది. తండ్రి ఎక్కిన చేపల పడవ తిరిగి రాలేదు. వెనక నలుగురు తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ. వాళ్ళందరినీ ఆ సుత్తే చదివించింది. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే "చిన్నదాని చదువు కానివ్వండి" అనేది. చిన్నదాని చదువు అయ్యేసరికి ఈవిడకు నలభై దాటాయి. ఆ తరవాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు, ఈవిడా దానికోసం కూర్చుని ఏడవలేదు. కానీ నలభై రెండేళ్ళ చప్పుడు చెవుల్ని తినేసింది. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి నోరు ఆనించి అరిస్తే సగం మాట అందుతుంది. తమ్ముడు కొనిచ్చిన చెవిమిషను సొరుగులో పడి ఉంటుంది. "అది పెట్టుకుంటే మనుషుల మాట వినపడదురా, గిన్నెల మోతే వినపడుతుంది" అంటుంది.

ఆవిడ సుత్తి దించేసిన నెలలోనే బామి వచ్చింది. గట్టుకు లాగిన ఒక పడవ అడుగున, దాన్ని నిలబెట్టిన దుంగల మధ్య, ఆ పడవ కెప్టెన్ కుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. మూడింటిని ఎవరెవరో తీసుకెళ్ళారు. నాలుగోది అరచేతిలో పట్టేంత ఉంది, ఒంటిమీద బొచ్చు కూడా సరిగ్గా లేదు. "ఇది రేపటికి ఉండదు" అన్నారు తోటి ఆడవాళ్ళు. పిన్ని దాన్ని చొక్కా లోపల వేసుకుని ఇంటికి తెచ్చి, దూదితో నోట్లో పాలు పిండింది. బతికింది. బొచ్చు వచ్చాక చూస్తే ఒలిచిన చెస్ట్‌నట్ గింజ రంగు. మా భాషలో ఆ గింజ పేరే దానికి పెట్టింది.

ఏడేళ్ళుగా ఆ ఇంట్లో వాళ్ళిద్దరే. పొద్దున్నే బామి ఆవిడ గడ్డం నాకి లేపుతాడు. తలుపు ఎవరైనా తడితే పరుగున వచ్చి మడమ గీకుతాడు. కెటిల్ కూత పెట్టినా, అన్నం కుక్కర్ ఆవిరి వదిలినా అంతే. ఏది దేనికో ఆవిడకు ఆ గీకుడులోనే తెలిసిపోతుందట. "రెండుసార్లు గీకితే కుక్కర్, ఆపకుండా గీకితే మనిషి" అని నాకు చెప్పింది. నేను నమ్మలేదు. ఒకరోజు వాళ్ళింట్లో బార్లీ టీ తాగుతుంటే నా కళ్ళముందే జరిగింది. ఆవిడ చిలగడదుంప ఉడికించి, తొక్క తీసి, ఊది ఊది వాడికి పెడుతుంది. వాడు తినేదాకా తను ముద్ద ముట్టదు. మార్కెట్‌కు వెళ్తే చక్రాల సంచిలో ఉల్లికాడల పక్కన వాడి తల బయటికి ఉంటుంది. చేపలమ్మే ఆడవాళ్ళు ముందు వాడిని పలకరించి, తరవాతే ఆవిడ వైపు చూస్తారు. దానికి కోపం తెచ్చుకున్నట్టు నటిస్తుంది. లోపల ఎంత గర్వమో ముఖం చూస్తే చాలు.

ఇక ఆ రోజు సంగతి. మార్చి నెల, గాలి జోరుగా ఉన్న మంగళవారం. మా సందు వెనక మెట్ట మీద ఖాళీ చేసిన పాత ఇళ్ళు ఐదు ఉంటే, కార్లు నిలపడానికి చోటు కావాలని వాటిని కూలగొడుతున్నారు. అప్పటికి రెండు పడిపోయాయి. మూడోదానికి ముందు గోడ తీసేశారు.

పదింటికి గ్యాస్ సిలిండర్ మార్చే మనిషి పిన్ని ఇంటికొచ్చాడు. వెళ్తూ గేటు గడియ వెయ్యలేదు. ఆవిడ పెరట్లో దుప్పట్లు ఆరేసి లోపలికొచ్చి చూస్తే బామి లేడు. మంచం కింద చూసింది, బీరువా వెనక చూసింది. గేటు తెరిచి ఉండటం అప్పుడు కనిపించింది.

పదింబావుకు నా కొట్టు ముందు నిలబడింది. కాళ్ళకు ఇంట్లో వేసుకునే స్లిప్పర్లే ఉన్నాయి.

"ఒరే బోల్టూ, బామి ఇటొచ్చాడా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"మొరిగినట్టు ఏమైనా వినపడిందా? నీకు చెవులున్నాయిగా, చెప్పు!"

ఆ సమయంలో కింద యార్డులో మూడు ఓడల మీద గ్రైండర్లు నడుస్తున్నాయి. పైన పొక్లెయిన్. నా మాటే నాకు వినపడటం లేదు. ఆ మాట చేతులతో చెప్పాను. ఆవిడ ముఖం పాలిపోయింది. ఏడేళ్ళలో వాడు గడప దాటి ఒంటరిగా పోలేదు.

కొట్టు షట్టరు సగం దించి నేనూ బయల్దేరాను. సందు మలుపులో చునోక్ అత్త కలిసింది. ఆవిడా పాత సుత్తి మనిషే, చెవుల సంగతి అంతే. కాకపోతే ఆవిడ మిషను పెట్టుకుంటుంది.

"ఏమైందే, ముఖం అలా పెట్టావు?" అని అరిచింది చునోక్ అత్త.

"బామి లేడే!"

"బామ్మ ఎవరే? మీ బామ్మ పోయి యాభై ఏళ్ళయింది కదా!"

"బామి! నా కుక్క! నీ మిషనులో బ్యాటరీ ఉందా, చచ్చిందా?"

"నిన్ననే చచ్చింది."

"ఇద్దరం కలిస్తే ఒక్క చెవి కూడా కాదు. దేవుడు మంచి తోడునే ఇచ్చాడు నాకు" అంది పిన్ని. నవ్వు రాలేదు ఎవరికీ. చునోక్ అత్త అప్పటికే చెప్పులు సరిచేసుకుని మార్కెట్ వైపు పరుగులాంటి నడక అందుకుంది. నేను రేవు వైపు వెళ్ళాను. పిన్ని సందుల్లోకి వెళ్ళింది. గొంతు పోయేలా పిలుస్తూనే ఉంది. పిలిచిన ప్రతిసారీ ఆగి, దారినపోయే వాళ్ళ ముఖాల్లోకి చూసేది. వాడు ఎక్కడైనా పలికితే వాళ్ళ కళ్ళు అటు తిరుగుతాయి కదా అని. ఎవరి కళ్ళూ ఎటూ తిరగలేదు.

గంట గడిచింది. రేవులో లేడు. బస్సులు తిరిగే రోడ్డు మీద లేడు, ఆ మాట అనుకోవడానికే భయపడుతూ అక్కడ కూడా చూశాను. నేను వెనక్కి వచ్చేసరికి పిన్ని మెట్ట మీద, మూడో ఇంటి దగ్గర మేస్త్రీ సంగుతో గొడవ పడుతోంది. సంగు నలభై అయిదేళ్ళ మనిషి, బొద్దుగా ఉంటాడు, నెత్తిన పసుపు హెల్మెట్.

"పెద్దమ్మా, పొద్దున్నే అన్ని ఇళ్ళూ చూశాం. కుక్కా లేదు, పిల్లీ లేదు. మీరు ఇక్కడ నిలబడకూడదు. మీద ఏదైనా పడితే నా మెడకు చుట్టుకుంటుంది."

పిన్ని ఆయన పెదాలనే చూస్తోంది. "పొద్దున అంటే ఎన్నింటికి?"

"ఏడున్నరకి."

"నా బామి పోయింది పదింటికి."

సంగు నా వైపు చూశాడు. "పన్నెండులోపు ఈ ఇల్లు నేలకు దించాలి అన్నా. లారీలు వచ్చేస్తాయి" అన్నాడు.

"ఐదు నిమిషాలు యంత్రాలు ఆపు. నేను వింటాను" అన్నాను.

ఆయన విసుక్కుంటూనే చెయ్యి పైకెత్తాడు. పొక్లెయిన్ ఆగింది. కింద యార్డుకు ఫోన్ చేసి, నాకు తెలిసిన వాళ్ళను బతిమాలి గ్రైండర్లు కూడా ఆపించాను. ఆ గాలి చప్పుడులో ముగ్గురం, నేనూ, సంగు, పొక్లెయిన్ ఆపరేటరూ, ఊపిరి బిగపట్టి నిలబడ్డాం.

"ఎలా మొరుగుతుందమ్మా మీ కుక్క? సన్నగానా, బొంగురుగానా?" అని సంగు నెమ్మదిగా అడిగాడు.

పిన్ని ఆయన పెదాలు చదివింది. "నాకు తెలీదు. వాడి గొంతు నేనెప్పుడూ వినలేదు."

సంగు చూపు దించుకున్నాడు.

ఐదు నిమిషాలు గడిచాయి. ఏమీ వినపడలేదు. రేకు ఒకటి గాలికి కొట్టుకుంటోంది, అంతే. "లేదు పెద్దమ్మా. ఎవరింట్లోనో చేరి ఉంటుంది. సాయంత్రానికి వచ్చేస్తుంది" అని సంగు ఆపరేటర్‌కు సైగ చేశాడు.

పిన్ని కదల్లేదు. ఆ ఇంటి ముందున్న ఇటుకల కుప్పనే చూస్తోంది. కుప్పలోంచి బెత్తెడు ఇనుప గొట్టం ఒకటి పైకి పొడుచుకొచ్చి ఉంది. వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, గొట్టం మీద అరచెయ్యి వేసింది. కళ్ళు మూసుకుంది. తుప్పు కొట్టేటప్పుడు ఓడ రేకు ఎంత పలచబడిందో వాళ్ళు అలాగే చూసేవారు. అవతల ఒకరు కొడుతుంటే ఇవతల ఒకరు చెయ్యి ఆనించేవారు. పిన్ని చెయ్యి తప్పు చెప్పదని యార్డులో పేరు.

"ఇక్కడే ఉన్నాడు" అంది.

సంగు వంగి తనూ చెయ్యి వేశాడు. "గాలికి కదుల్తోంది."

నేనూ వేశాను. నిజం చెప్పాలంటే నాకూ ఏమీ తెలియలేదు. చల్లటి ఇనుము, అంతే. నా ముఖం చూసి ఆవిడకు అర్థమైంది.

"ఒరే, నువ్వు కూడానా?" అంది. తిట్టినట్టు అనలేదు. అది ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

ఆవిడ ఒక ఇటుక ముక్క తీసుకుని గొట్టం మీద గట్టిగా రెండు దెబ్బలు వేసింది. వెంటనే మళ్ళీ అరచెయ్యి ఆనించింది. మరుక్షణం సంగు హెల్మెట్ పట్టుకుని లాగేసింది. "నీకు చెవులున్నాయి. చెవి పెట్టి చూడు!"

సంగు బిత్తరపోయి, ఆ బెత్తెడు గొట్టానికి చెవి ఆనించాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. కనుబొమలు మెల్లిగా పైకి లేచాయి.

"గీకుతోంది. లోపల ఏదో గీకుతోంది. అన్నా, ఏడుపు కూడా!"

అది ఆ ఇంటి పాత సంపు గొట్టం. ఒకప్పుడు మా మెట్ట మీద కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి. ఇంటింటికీ నేల కింద సంపు ఉండేది. ఈ సంపు మూత ఎప్పుడో విరిగింది. బామి అందులో పడ్డాక ముందు గోడ ఇటుకలు జారి మూతి మీద పడ్డాయి. చేతులతో ఇటుకలు తీశాం. పొక్లెయిన్ వాడదామంటే సంగు ఒప్పుకోలేదు. సంపు మీది స్లాబు అప్పటికే పగిలి ఉంది, అదిరితే మొత్తం కిందికే. పావుగంటకు అడుగుకు కాస్త ఎక్కువ సందు కనపడింది. లోపలికి లైటు వేస్తే నీళ్ళు. ఎక్కడో పైపు తెగి సంపులోకి కారుతోంది. ఆ నీళ్ళ చివర, గోడకున్న చిన్న మెట్టు మీద, మట్టికొట్టుకుపోయిన ముద్దలా బామి. మెట్టుకూ నీళ్ళకూ మధ్య జానెడు కూడా లేదు.

రెస్క్యూ వాళ్ళకు ఫోన్ చేశాం. బయల్దేరామన్నారు. కానీ దూరం నుంచి రావాలి, ఇరవై నిమిషాలు. కుళాయి వాళ్ళకు చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆపరేటర్ దిగుతానని భుజాలు దూర్చబోయాడు, పట్టలేదు. నా పొట్ట సంగతి చెప్పక్కర్లేదు.

చూస్తుండగానే పిన్ని స్లిప్పర్లు విడిచేసింది. పొక్లెయిన్ పక్కన పడి ఉన్న తాడు తీసుకుని నడుముకు రెండు చుట్లు, తొడల కింద ఒక చుట్టు వేసి ముడేసింది. ఆవిడకు ఆ ముడి కళ్ళు మూసుకున్నా వస్తుంది.

"అమ్మా, వద్దు! నేను ఒప్పుకోను!" సంగు అడ్డం నిలబడ్డాడు.

"ఇంతకన్నా చిన్న కంతల్లోంచి ఓడ అడుగు ట్యాంకుల్లోకి దిగి కొట్టొచ్చాను నేను. నీకు పాలపళ్ళు కూడా ఊడి ఉండవు అప్పటికి. తప్పుకో."

"మీకు డెబ్బై దాటాయి!"

"డెబ్బై ఒకటి. దాటింది ఒక్కటే. తాడు పట్టుకో, వదిలావంటే పైకొచ్చి తంతాను."

సంగు తాడు పట్టుకున్నాడు. ఆయన వెనక నేను, నా వెనక ఆపరేటర్. పిన్ని కాళ్ళు ముందు, తరవాత నడుము, చివరికి తెల్లజుట్టు లోపలికి పోయాయి. తాడు బిగుసుకుంది. నీళ్ళు ఆవిడ తొడల దాకా ఉన్నాయి. ఒక్కో అడుగు వేస్తూ మెట్టు దగ్గరికి వెళ్ళింది. బామి రాలేదు. మామూలుగా ఎగిరి ఒళ్ళో దూకేవాడు, మెట్టుకు అతుక్కుపోయి వణుకుతున్నాడు. ముందు కాలు ఒకటి వంకరగా వేలాడుతోంది. ఆవిడ తొందరపడలేదు. చెయ్యి చాచి వాడి ముక్కు దగ్గర ఉంచి, అలాగే నిలబడి ఏదో మాట్లాడుతోంది. ఇంట్లో దుంప ఊదుతూ మాట్లాడే గొంతు అది.

అప్పుడు నా కాలి కింద టప్‌మని శబ్దం వచ్చింది. స్లాబు మీది పగులు నా కళ్ళముందే చూపుడువేలంత వెడల్పయింది. సిమెంటు పొడి ధారగా లోపలికి రాలింది, ఆవిడ వీపు వెనక.

"పిన్నీ! వచ్చెయ్!" అని అరిచాను. సంగు అరిచాడు. ముగ్గురం కలిసి అరిచాం. ఎవరికి వినపడాలి? ఆవిడ మాకు వీపు పెట్టి నిలబడింది. తాడు రెండుసార్లు గుంజాను. తాడు బిగిస్తున్నామనుకుని, విసుగ్గా తనూ వెనక్కి గుంజింది. లాగేద్దామంటే కుక్క ఇంకా చేతికి రాలేదు, ఆవిడ అదుపుతప్పి నీళ్ళలో పడితే గోడకు తల తగులుతుంది. జీవితంలో అంత నిస్సహాయంగా నేను ఎప్పుడూ నిలబడలేదు.

సరిగ్గా అప్పుడే బామి ఆవిడ చేతిలోకి వచ్చాడు. ఆవిడ వాడిని గుండెకు హత్తుకుంది. వాడు మా అరుపులు విన్నాడు. ఆవిడ భుజం మీదుగా పైకి, స్లాబు వైపు చూసి, ఆ కాలితోనే గింజుకుంటూ మొరగడం మొదలుపెట్టాడు. గొంతు పూర్తిగా పోయింది, గాలి తప్ప శబ్దం లేదు. కానీ ఆవిడ గుండె మీద ఆ చిన్న ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. ఆవిడ వాడి ముఖం చూసింది. వాడి కళ్ళు ఎటున్నాయో అటు తల తిప్పింది.

రాలుతున్న పొడి కనపడింది. ఒక్క అంగలో మూతి కిందికొచ్చి చెయ్యి పైకెత్తింది. ముగ్గురం లాగాం. ఎలా లాగామో నాకు గుర్తులేదు. ఆవిడ మోకాళ్ళు నేలమీదికి వచ్చాక, ఆపరేటర్ ఆవిడను చంకల కింద పట్టుకుని నాలుగు అడుగులు వెనక్కి ఈడ్చాడు. స్లాబు సగం విరిగి లోపల పడింది. నీళ్ళు చిమ్మి మా ముఖాల మీద పడ్డాయి.

సంగు నేలమీద చతికిలపడి హెల్మెట్ తీసి పక్కన పెట్టాడు. పిన్ని పిక్క చీరుకుపోయి రక్తం కారుతోంది. ఆవిడ అది చూసుకోకుండా కొంగు లాంటి తన పాత ఏప్రాన్‌తో బామి చెవుల్లో మట్టి తుడుస్తోంది. అప్పుడు చునోక్ అత్త రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. మమ్మల్నందరినీ పైనుంచి కిందికి చూసి, "మార్కెట్లో లేడే!" అని అరిచింది. మొదట పిన్నే నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. నాకు తెలిసి ఆవిడ ఏడవడం అదే మొదలు.

బామి ముందు కాలు రెండు చోట్ల విరిగింది. పశువుల డాక్టరు కట్టు కట్టి, ఐదు వారాలు నేల మీద దించొద్దన్నాడు. దించనే లేదు. పసిపిల్లల్ని వీపున కట్టుకునే మెత్తటి దుప్పటి ఎవరినో అడిగి తెచ్చి, వాడిని వీపుకు కట్టుకుని తిరిగింది. తన పిక్కకు తొమ్మిది కుట్లు పడ్డ సంగతి ఎవరికీ చెప్పలేదు. మార్కెట్లో చేపలామె, "ఎన్నో నెల మీ మనవడికి?" అని ఏడిపిస్తే, "నీ మనవడికన్నా అందగాడే, కళ్ళు పెట్టకు" అని తిప్పికొట్టింది.

ఆలస్యానికి సంగుకు పైవాళ్ళ దగ్గర బాగానే తిట్లు పడ్డాయి. ఆ ఆదివారం ఎండుచేపల కట్ట ఒకటి పట్టుకుని వచ్చి గేటు బయట నిలబడ్డాడు, తట్టాలా వద్దా అన్నట్టు. వీపు మీదున్న బామి ఆవిడ మెడ నాకాడు. ఆవిడ వెళ్ళి గేటు తీసింది. "నాలుగో ఇంటికి ముందు సంపులు చూశావా?" అని అడిగింది. చూశానన్నాడు. మిగతా ఇళ్ళల్లో ప్రతి సంపులో లైటు వేసి, మనిషిని దింపి చూశాకే యంత్రం పెట్టానన్నాడు. "అయితే లోపలికి రా" అని, ఆ ఎండుచేపతోనే పులుసు కాచి, ముందు బామికి ఉప్పు లేకుండా తీసి, తరవాత ఆయనకు పెట్టింది. ఆయన రెండు గిన్నెల అన్నం తిన్నాడు. ఇప్పుడు ఏ నెలలో ఇటు పని పడినా ఆ ఇంట్లోనే భోజనం.

మెట్ట మీద కార్లు నిలిపే చోటు తయారైంది. తెల్ల గీతలు గీశారు. బామి కొంచెం కుంటుతాడు, పరుగు మాత్రం తగ్గలేదు. అయితే ఆ చోటు దగ్గరికి వస్తే నాలుగు కాళ్ళూ బిగదీసి కూర్చుంటాడు, ఎత్తుకున్నా గింజుకుంటాడు. అందుకని పిన్ని రోజూ మార్కెట్‌కు రేవు వెంట చుట్టూ తిరిగి వెళ్తోంది. అరగంట ఎక్కువ నడక. నిన్న గాలికి చక్రాల సంచి పట్టుకోలేక నా కొట్టు ముందు ఆగింది.

"ఈ దొరగారికి ఆ దారి పడదట. నా మోకాళ్ళు ఏమైపోయినా ఫర్వాలేదు" అని నాకు ఫిర్యాదు చేసింది.

"ఎత్తుకుని గబగబా దాటెయ్ పిన్నీ" అని చెవి దగ్గర అరిచాను.

"భయపడతాడురా" అంది, నేనేదో తప్పు మాట అన్నట్టు. సంచిలో ఉల్లికాడలు సర్ది, వాడి మెడకు కండువా బిగించి, గాలికి ఎదురుగా రేవు వైపు నడిచింది.